నేల తగలని వీపు

మొగులయ్య వీపు నేల తగలగా చూసినవాడు పాతబస్తీలో లేడు. ఊరి బడిలో చదివింది నాలుగో తరగతి వరకే అయినా, గెలిచిన కుస్తీలు మాత్రం తడుముకోకుండా అప్పజెప్పేవాడు. దసరా కుస్తీల్లో వెండి గద అతనిదే. ధూల్‌పేట మల్లన్నను ఒక్క పట్టుతో మట్టి కరిపించిందీ అతనే. ఉస్మాన్‌గంజ్‌లో రెండు బెల్లం బస్తాలు ఒకేసారి మోసిన హమాలీ అతను తప్ప ఇంకొకడు పుట్టలేదు. పహిల్వాన్ పడితే బోర్లా పడాలి, వెల్లకిలా పడ్డాడంటే ఓడినట్టే. కుస్తీ నేర్పే తాలీంలో ఉస్తాద్ తొలిరోజు చెప్పిన ఆ మాట అతని ఒంట్లో ఇంకిపోయింది.

ముసలితనంలో బస్తాలు మోసిన ఆ భుజానికి కొత్త పని దొరికింది. అతని ఇంటి కింది వాటాలో అద్దెకుండే భాగ్యశ్రీ ఎగిరే పక్షుల ఫొటోలు తీసి బతుకుతుంది. ఆమె కెమెరా లెన్స్ మూరెడు పొడవు, సన్నికల్లంత బరువు. మూడుకాళ్ల స్టాండు మీద పెడితే నడినెత్తిన తిరిగే డేగ వెంట తిరగదు. చేత్తో పట్టుకుంటే మణికట్టు వణుకుతుంది. అందుకని మొగులయ్య భుజం మీద గోనెసంచి మడిచి వేసి, లెన్స్ దానికి ఆనించేది. ఆమె ఎటంటే అటు అతను ఊపిరి బిగబట్టి తిరిగేవాడు.

ఆ ఉదయం మిద్దె మీద ఇద్దరూ అట్లాగే నిలబడ్డారు. చార్మినార్ వైపు నుంచి వచ్చిన డేగ రెక్కలు ముడిచి రాయిలా దూకింది. పక్క మిద్దె కొండల్ ఎగరేసిన పావురాలు చెల్లాచెదురయ్యాయి. ఒక తెల్ల పావురం మెడ గాలిలోనే విరిగింది. నెత్తురు చుక్కలు ముఖం మీద పడ్డా మొగులయ్య కన్ను ఆర్పలేదు.

కొండల్ కూడా చిన్నప్పుడు అదే తాలీంలో ఒంటికి మట్టి పూసుకున్నవాడే. పావురాలంటే అతనికి ప్రాణం. ఫొటోల కోసం వీళ్లే డేగకు ఇటు రావడం అలవాటు చేశారని కొన్నాళ్లుగా కుమిలిపోతున్నాడు. వెదురుకర్రతో పిట్టగోడ దూకి వచ్చాడు.

"నా కబూతర్ సస్తుంటే తమాషా జూస్తున్నవా కాకా?"

మొదటి దెబ్బ వీపు మీద, రెండోది మెడ మీద పడింది. చెయ్యెత్తితే లెన్స్ జారుతుంది. దెబ్బకు దెబ్బ తీయకుండా ఏనాడూ ఇంటికి పోని మనిషి పళ్లు బిగించి నిలబడ్డాడు. కొండల్ మోకాలి వెనక తన్నాడు.

కాలు మడతపడింది. భాగ్యశ్రీ చేతుల్లోంచి జారిన లెన్స్‌ను మొగులయ్య రొమ్ముకు అదుముకున్నాడు. ఒళ్లు అలవాటుగా బోర్లా తిరగబోయింది. తిరిగితే లెన్స్ తన కింద నుజ్జవుతుంది, ఆ పిల్ల నోటికాడి కూడు పోతుంది. పడుతూనే నడుము మెలేశాడు. వీపు దభీమని గచ్చుకు తగిలింది. తల పగిలింది. కర్ర మళ్లీ లేచింది.

"వీపు తగిలింది" అన్నాడు మొగులయ్య. "గెల్చినవ్ కొండల్. ఇగ దించు."

వెల్లకిలా పడ్డవాడి మీద చెయ్యి వేయడం తాలీంలో లేదు. కొండల్ చేతిలోని కర్ర కిందికి దిగింది.

తలకు కుట్లు పడ్డాక పలకరించడానికి వచ్చినవాళ్లకు మొగులయ్య వెండి గద, ధూల్‌పేట, బెల్లం బస్తాలు అన్నీ మళ్లీ అప్పజెప్పాడు. చివర్న ఆగి భాగ్యశ్రీ వైపు చూశాడు.

"ఒక్కపారి ఓడిన, కొండల్ చేతిల. నీ లెన్స్ అద్దం మీద గీత గిట్ల పడ్డదా బిడ్డా?"

"లేదు బాపు."

"గట్లయితే ఆ కుస్తీల సగం గెలుపు నాదే" అన్నాడు.