ఇరవై నలుగురు సిపాయిలతో గద్వాల నుంచి నాగర్‌కర్నూల్ దాకా

నేను చదివింది ఏడో తరగతి. కూలి పనికి పుణె, రాయచూరు పోయి వచ్చాను గానీ, పోయి వచ్చిన దారి గురించి రాయాలని ఎప్పుడూ అనిపించలేదు. ఈ ఆదివారం ప్రయాణం మాత్రం రాయకుండా ఉండలేను. నా గుండె ఇంకా నిండుగా ఉంది, ఎవరికైనా చెప్పకపోతే పగిలిపోయేట్టుంది! చేత్తో చేసిన సున్నితమైన వస్తువులు పట్టుకుని ఈ దారిలో బస్సుల్లో పోవాలనుకునే వాళ్లకు పనికొస్తుందని కూడా రాస్తున్నాను.

నా బిడ్డ సువార్త చిన్న చిన్న సిపాయి బొమ్మలు చేస్తుంది. ఒక్కో సిపాయి నా బొటనవేలి పై గణుపంత ఉంటాడు, అంతే. పెద్ద బల్ల మీద కొండలు, కోటలు పేర్చి, సైన్యాలను నిలబెట్టి, పాచికలు వేసి, టేపుతో దూరం కొలిచి యుద్ధం ఆడే ఆట ఒకటుందట. దానికి కావాలి ఇవి. పోస్టులో వచ్చే ప్లాస్టిక్ సిపాయిలందరూ దొర టోపీల వాళ్లే. మా బిడ్డ ఆ టోపీలు బ్లేడుతో కోసేస్తుంది. రెండు రంగుల ముద్దలు కలిపితే పచ్చగా మారి రాయిలా గట్టిపడే పుట్టీ ఒకటుంది, దానితో తలపాగా చుడుతుంది, కోటు అంచును పంచె మడతలుగా మారుస్తుంది, సన్న తీగతో బల్లెం పెడుతుంది. ఈ వేళ్ల పని ఎక్కడ నేర్చిందంటారా? మా గద్వాల వైపు విత్తనపు పత్తి చేలల్లో. అక్కడ సంకర విత్తనం కోసం పువ్వు పువ్వుకూ పుప్పొడి పొరను గోటితో వొలిచెయ్యాలి, లోపలి పిందెకు మాత్రం గోరు తగలకూడదు. పదేళ్ల వయసు నుంచి ఆసాముల చేలల్లో నా పక్కనే నిలబడి ఆ పని చేసింది నా తల్లి.

నాగర్‌కర్నూల్‌లో రిటైరైన లెక్చరర్ సారు ఒకాయన ఫోన్‌లో ఈ బొమ్మల ఫొటోలు చూసి, పాత సంస్థానాల కాలపు సిపాయిలను ఇరవై నలుగురిని చేసి తెమ్మన్నాడు. ఆదివారం పదకొండు గంటలకు ఆయన ఇంట్లో ఆట. నచ్చితే ఏడాదికి సరిపడా పని ఇస్తానన్నాడు. నచ్చకపోతే సోమవారం పొద్దున మేస్త్రి బండి ఎక్కి మా బిడ్డ పుణెకు పోవాలి, బిల్డింగుల పనికి. మా ఇంటి తలుపు పక్కన ఆ ప్రయాణానికి బట్టల సంచి కట్టి సిద్ధంగా ఉంది. మా ఆవిడ మరియమ్మ దానివైపు చూడకుండా తిరుగుతోంది.

ఆ రోజు ఆరున్నరకు గద్వాల బస్టాండులో వనపర్తి బస్సు ఎక్కాం. ముసురు పట్టి ఉంది. ఆడవాళ్లకు ఉచితం కాబట్టి బిడ్డకు జీరో టికెట్, నాకు ఎనభై రూపాయల దాకా అయింది. మీరు ఎక్కితే ముందు సీట్లలోనే కూర్చోండి, వెనక చక్రం మీద సీటుకు కుదుపు ఎక్కువ. నా ఒళ్లో రొట్టెల డబ్బా, డబ్బాలో సిపాయిలు. కండక్టర్ వంగి చూశాడు.

"ఏంది పెద్దాయనా, డబ్బాల కోడిపిల్లలున్నయా? గట్ల గుండెకు వట్టుకున్నవ్?"

"సిపాయిలు సారూ. ఇరవై నాలుగు మంది."

"అట్లైతే ఇరవై నాలుగు టికెట్లు గొట్టాలె మరి!"

బస్సంతా నవ్వింది, నేనూ నవ్వాను. ఎర్రవల్లి చౌరస్తా దాటి, బీచుపల్లి వంతెన మీద కృష్ణను దాటుతుంటే ప్రార్థన చేసుకున్నాను. ప్రతి గుంతకూ ఊపిరి బిగబట్టాను. కానీ లోలోపల ధైర్యంగానే ఉన్నాను. ఎందుకంటే పొద్దున సువార్త స్నానానికి పోయినప్పుడు నేనొక తెలివైన పని చేశాను. బల్లేలు విరగకుండా డబ్బా నిండా పత్తి కూరాను. ఆసామి చేనిలో ఏరిన తెల్లటి, మెత్తటి పత్తి. పత్తి కన్నా మెత్తనిది ఇంకేముంటుంది?

ఎనిమిదింపావుకు వనపర్తిలో దిగాం. ఎనిమిదీ నలభై ఐదుకు నాగర్‌కర్నూల్ బస్సు ఉంది. చాయ్ తాగుదామని బస్టాండు ఎదుటి హోటల్లో కూర్చున్నాం. సువార్త డబ్బా మూత తీసింది.

"ఏంది నాయినా గిది? పత్తి ఎవలు వెట్టిండ్రు?"

"నేనే బిడ్డా. దెబ్బ తగుల్తదేమోనని..."

"నిన్న మాపటికి వార్నిష్ వూసిన. ముసురుకు ఆరలే, బస్సెక్కెదాంక మూత వెట్టకు, గాలి తగలనియ్యి అని జెప్పిన గదా."

ఒక సిపాయిని పైకి తీసింది. వాడి ఒళ్లంతా తెల్లటి పోగులు. తలపాగాకు, మీసానికి, పంచెకు, అన్నిటికీ అంటుకున్నాయి. ఇరవై నలుగురూ అంతే. మంచులో తడిసి వచ్చిన ముసలివాళ్లలా ఉన్నారు. నా బిడ్డను పుణె బండి నేనే ఎక్కిస్తున్నానా ప్రభువా, అనుకున్నాను.

ఎనిమిదీ నలభై ఐదు బస్సు వదిలేశాం, తర్వాతిది తొమ్మిదిన్నరకట. అది కూడా పోతే ఆట అందదు. సువార్త చెంగులో గుచ్చుకున్న రెండు గుండుసూదులు తీసి ఒకటి నా చేతిలో పెట్టింది. "పువ్వు వొలిచినట్టే నాయినా. పోగు వట్టాలె, రంగు ముట్టొద్దు."

ఇద్దరం మొదలుపెట్టాం. చాయ్ చల్లారిపోయింది. ముప్పై ఏళ్లు పత్తి పువ్వులు వొలిచిన చేతులు నావి, కళ్లు సరిగా కనబడకపోయినా గోరుకు తెలుస్తుంది. కాళ్ల దగ్గర మొదలుపెట్టి ఒక్కో పోగూ లాగుతూ పైకి వచ్చాం. బోండాలు వేస్తున్న హోటలమ్మ జాలిగరిటెతో వచ్చి మా నెత్తిన నిలబడింది.

"ఏంది పెద్దాయనా, బొమ్మలకు పేన్లు జూస్తుండ్రా?"

"నవ్వకమ్మా, మా బతుకు గిండ్లనే ఉంది."

పదహారు మంది బల్లెం వాళ్లు శుభ్రమయ్యేసరికి తొమ్మిదీ ఐదు. మిగిలింది ఎనిమిది మంది తుపాకి వాళ్లు. వాళ్ల ఒళ్లు కూడా శుభ్రమైంది గానీ తుపాకి కొసల్లో వార్నిష్ చిక్కగా నిలిచి, పత్తి అక్కడ గట్టిగా పట్టుకుంది. సువార్త ఒకటి లాగింది. పోగుతో పాటు రంగూ ఊడి వచ్చింది, కింది ప్లాస్టిక్ బయటపడింది. రంగులు ఇంట్లో ఉన్నాయి. ఆమె సూది కింద పెట్టేసింది.

"పాయె నాయినా."

హోటలమ్మ ఇంకో సిపాయి వైపు వంగి చూసింది. "పోనీ తియ్యి బిడ్డా, గంత పరేషాన్ ఎందుకు? తుపాకి పేలిస్తే పొగ రాదా ఏంది?"

సువార్త తల ఎత్తింది. ఆమెను చూసింది, సిపాయిని చూసింది, మళ్లీ ఆమెను చూసింది. "అమ్మా, నీ బాండ్లి అడుగున మసి జరంత ఇస్తవా?"

మిగిలిన ఏడుగురి తుపాకుల కొసన ఉన్న పత్తిని సూదితో సాగదీసి, విడదీసి, పైకి లేపింది. వేలికి మసి రాసుకుని అంటీ అంటనట్టు అద్దింది. అయ్యో, ఏం చెప్పను! ఏడు తుపాకులూ అప్పుడే పేలినట్టు పొగ కక్కాయి! రంగు ఊడిన ఎనిమిదోవాడి తుపాకికి మసి మాత్రం పూసింది. హోటలమ్మ చాయ్ డబ్బులు తీసుకోలేదు. తొమ్మిదిన్నర బస్సును పరిగెత్తి అందుకున్నాం. అక్కడి నుంచి నాకు అరవై రూపాయల దాకా టికెట్, బిజినేపల్లి మీదుగా గంటంపావు. డబ్బా మూత తీసే ఉంచాం.

సారు ఇంట్లో ముందుగదంతా ఒకటే బల్ల. దాని మీద అట్టతో చేసిన కోట. చుట్టూ హైదరాబాద్ నుంచి వచ్చిన నలుగురు స్నేహితులు. సారు భూతద్దం పెట్టి ఒక్కొక్కరినే తిప్పి తిప్పి చూశాడు. గోడ గడియారం చప్పుడు నా చెవుల్లోనే కొట్టుకుంటున్నట్టు ఉంది.

"కాళ్లకు చెప్పుల్లేవేం?"

"మా తాతలకు యాడియి సార్ చెప్పులు?" అంది సువార్త. ఆయన తల ఊపాడు. మంచికో చెడుకో తెలియలేదు.

తుపాకి వాళ్ల దగ్గర ఆగాడు. "పొగ బాగా కుదిరింది. కానీ ఏడుగురు పేల్చారు, ఈ ఎనిమిదోవాడు ఎందుకు పేల్చలేదమ్మా?"

నేను సువార్త మోచేయి గిల్లాను. ఏదో ఒకటి చెప్పెయ్యి తల్లీ అని. ఆమె నా వైపు చూడలేదు.

"ఆ పొగ నేను అనుకొని చేసింది కాదు సార్. బస్సుల దెబ్బ తగుల్తదని మా నాయిన పత్తి వెట్టిండు, ఆరని వార్నిష్‌కు అంటింది. వీనికి లాగితే రంగూడింది. దాని మీద మసి వూసిన."

సారు భూతద్దంలో ఆ ఎనిమిదోవాడిని మళ్లీ చూశాడు. తర్వాత కిటికీలోంచి ముసురు వైపు చూశాడు.

"తుపాకి మందు తడిసింది వీడికి" అన్నాడు. "నిజం యుద్ధంలో అయ్యేదీ అదే. వీడికి రంగు వెయ్యొద్దు, ఇలాగే ఉండనీ." అట్టకోట ముందు వరుసలో, పేలని తుపాకితో, వాడిని ఆయనే నిలబెట్టాడు. "ఎదుటి సైన్యం కూడా నువ్వే చెయ్యాలమ్మా. రెండు వందల మంది. తొందరేం లేదు, ఏడాది తీసుకో. పత్తి మాత్రం మీ నాయిననే తెమ్మను."

నాకు ఏడుపొచ్చింది. ఆ సిపాయిలందరి ముందే ఏడ్చాను, సిగ్గేం లేదు. బయట మెట్ల మీద నిలబడి ఇంటికి ఫోన్ చేశాను. "మరియమ్మా, ఆ పుణె సంచి విప్పెయ్యి" అన్నాను. అటు నుంచి ఫోన్ పక్కన పెట్టిన చప్పుడు, ఆ తర్వాత ముడి విప్పుతున్న చప్పుడు, బట్టలు దులుపుతున్న చప్పుడు వినిపించాయి.

పిల్లల పని మనకు పూర్తిగా అర్థం కాకపోయినా దాన్ని కాపాడాలని మన చేతులు ముందుకు పోతాయి. నా చేతులు పోయి తప్పు చేశాయి, మళ్లీ ఆ చేతులే పోగులు తీశాయి. ఇప్పుడు బిడ్డ ఏదైనా చేస్తుంటే పక్కన కూర్చుంటాను, కానీ ముందు అడుగుతాను: "ఆరిందా తల్లీ?" మీరు రంగు వేసిన బొమ్మలు బస్సులో తీసుకుపోతే పత్తి, దూది, గుడ్డ ఏదీ చుట్టకండి. ఒక్కో బొమ్మ పాదం కింద చిన్న అయస్కాంతం అంటించి ఇనుప రేకు డబ్బాలో నిలబెట్టండి. గుంతల్లో కూడా కదలవు. ఈ మాట మా బిడ్డ చెప్పింది, తిరుగు బస్సులో, నా భుజం మీద తల పెట్టుకుని.