చప్పుడు లేని బంతి

నందిగామ మిషన్ స్కూలు ఆవరణలో ఒక తాటిమొద్దు పాతి ఉండేది. దాని తలకి కమ్మరి పుల్లయ్య వంచి బిగించిన ఇనుప రింగు. రింగు వెనక ఉండాల్సిన బోర్డు మాత్రం లేదు. మిషన్ దొరగారు పెట్టించిన కొత్తలో ఉండేదట. చర్చిలో బెంచీలు చాలక ఆ చెక్కలు ఊడదీసి దేవుడి పనికి వాడేశారు. మా వైపు చెక్కకి పుట్టిన పనిలోనే చచ్చే యోగం లేదు. బండి పలక తలుపవుతుంది, తలుపు శవపేటికవుతుంది.

ప్రేమానందం బాస్కెట్‌బాల్ నేర్చుకున్నది ఆ రింగు కిందే. తల్లి ఆరోగ్యమ్మ మిరపకోతల నుంచి తిరిగొచ్చేసరికి పొద్దుగూకేది. అందాకా బంతి విసురుతూనే ఉండేవాడు. గురి తప్పితే బంతి పోయి ముళ్ళకంపలో పడేది, అందుకని తప్పకుండా వేయడం నేర్చుకున్నాడు. బోర్డు లేదు, వల లేదు. బంతి పైకి లేచి, గాలిలో కాసేపు ఏదో ఆలోచించుకుని, ఎవరో పిలిచినట్టు రింగులోంచి జారిపోయేది. చిన్న చప్పుడు కూడా ఉండేది కాదు. ఆ చప్పుడు లేకపోవడం చెవులకి ఎంతో తీయగా ఉండేది. నిద్రలో కూడా బంతి అలాగే లేచేది, దిగేది.

లేమిలోంచి వచ్చిన ఈ అలవాటుకి పెద్దయ్యాక గొప్ప పేరు పెట్టుకున్నాడు.

"బోర్డుకి కొట్టి వేసేది ఆటే కాదు. గోడ పట్టుకుని నడవడం అది," అనేవాడు.

జగ్గయ్యపేటలో తిరుపతిరావుకి ఆ గోడ ఉంది. తండ్రి వెంకటరత్నంగారు పెద్ద ఆసామి. కొడుకు ఆట కోసం హైస్కూలుకి టేకు బోర్డు చేయించి పెట్టించాడు. తిరుపతిరావు తెల్ల కాన్వాసు బూట్లు వేసుకుని, ఏ మూల నుంచి విసిరినా బోర్డుకి తగిలించి రింగులో దింపేవాడు. ధబ్‌మన్న ఆ చప్పుడుకి జనం చప్పట్లు కొట్టేవాళ్ళు.

"నందిగామవాడా? తాటిచెట్టు కింద నేర్చుకున్నాడుగా, రింగుని కల్లుముంత అనుకుంటాడేమో," అన్నాడట తిరుపతిరావు ఒకసారి. ఆ మాట సాయంత్రం బస్సులోనే నందిగామ చేరింది.

యాభై ఎనిమిదిలో బందరులో జిల్లా పోటీలకి రెండూళ్ళూ కలిపి ఒకే జట్టు పంపాయి. డ్రిల్లు మాస్టారు జ్ఞానయ్య ఇద్దర్నీ పక్కపక్కన కూర్చోబెట్టి బతిమాలాడు.

"ఒరే, మీరిద్దరూ ఒకరికొకరు బంతి ఇచ్చుకుంటే కప్పు మనదేరా. బంతి ఇస్తే చెయ్యి ఊడిపోదు కదరా!"

"నాకేం అభ్యంతరం లేదు మాస్టారూ. ముందు ఆయన్ని ఇమ్మనండి," అన్నాడు ప్రేమానందం.

"మావైపు ఇచ్చే చెయ్యి పైనే ఉంటుంది మాస్టారూ. అతన్నే అడగమనండి," అన్నాడు తిరుపతిరావు.

ఇద్దరూ విడివిడిగా గెలిపిస్తూ జట్టుని ఫైనల్‌కి తెచ్చారు. చివరి ఘడియలో ఒక్క పాయింటు వెనకబడి ఉన్నారు. బంతి ప్రేమానందం చేతికొచ్చింది. అతను రింగుకి కుడిపక్క, దగ్గరగా ఉన్నాడు. అక్కణ్ణించి బోర్డుకి కొడితే పసివాడైనా వేస్తాడు. అటుపక్క తిరుపతిరావు ఖాళీగా నిలబడి చేతులు చాపాడు.

"ఇవ్వు! లేదా బోర్డుకి కొట్టు!"

రెండూ అతనికి ఒకటే. రెండింట్లో ఏది చేసినా ఆ తాటిమొద్దు కింది సాయంత్రాలన్నీ అబద్ధమైపోతాయి. వెనక్కి రెండడుగులు వేసి బంతిని పైకి వదిలాడు. సముద్రపు గాలి వీస్తోంది. బంతి లేచి లేచి, ఇక దిగదేమో అనిపించేటంత పైకి పోయింది. అన్ని అరుపులూ దూరమైపోయాయి. అతను ఆ నిశ్శబ్దం కోసం చెవులు రిక్కించాడు. బంతి రింగు అంచు మీద ఒక చుట్టు తిరిగి బయటికి పడింది.

తిరుగు బస్సులో తిరుపతిరావు ఉండబట్టలేక అడిగాడు. "బోర్డుకి కొడితే నీ సొమ్మేం పోయేదయ్యా?"

"పొద్దుటినుంచీ నువ్వు నాకొక్క బంతి ఇచ్చావా?"

ఆటలో నువ్వు అనుకోవడం మామూలే. బయటికొచ్చాక కూడా ప్రేమానందం 'మీరు' అనడం మరిచిపోయాడు. ఆ సంగతి తిరుపతిరావు మరిచిపోలేదు.

"మీ పొగరుకివ్వాల్సిందర్రా కప్పు," అని జ్ఞానయ్య మాస్టారు కిటికీ వైపు తిరిగాడు.

తరవాత ప్రేమానందం ఆ మిషన్ స్కూల్లోనే అటెండరయ్యాడు. గంట కొట్టేవాడు, గదులు ఊడ్చేవాడు. రత్నమణిని చేసుకుని, ఆ తాటిమొద్దుకి ఎదురుగానే ఇల్లు వేసుకున్నాడు. అతనికంటూ మిగిలింది ఒక్కటే మాట: 'నా బంతి ఏనాడూ బోర్డు ముట్టలేదు.' కలలో మాత్రం బందరు బంతి ఇంకా దిగకుండా పైకి పోతూనే ఉండేది.

ఆరేళ్ళకి జగ్గయ్యపేట నుంచి ఎడ్లబండి మీద ఒక టేకు బోర్డు వచ్చింది. తెల్లరంగు, నడుమ నల్లగీతల చదరం.

"తిరుపతిరావుగారు పంపారు. ఇకనైనా నేర్చుకోమన్నారు," అన్నాడు బండివాడు.

ప్రేమానందం ముఖం కందగడ్డయింది. "వెనక్కి తోలుకుపో!"

రత్నమణి అడ్డం వచ్చింది. "టేకు చెక్కని ఎవరన్నా తిప్పి పంపుతారా? మనింటికి తడికే గాని తలుపుందా? నిన్న అన్నం కుక్క తినిపోయిందా లేదా?"

అతనికి నవ్వొచ్చింది. దాన్ని తలుపు చేస్తే అంతకంటే గట్టి జవాబేముంది? వారం తిరక్కుండా చదరంతో సహా ఇంటికి తలుపైంది.

మరుసటేడు ఒక ఆదివారం మధ్యాహ్నం ఆ తలుపు ధబ్‌మంది. తీసి చూస్తే వాకిట్లో తిరుపతిరావు, చంకలో బంతి. పొట్ట వచ్చింది, బూట్లు మాత్రం తెల్లగానే ఉన్నాయి.

"నా బోర్డుకి బాగానే పెళ్ళిచేశావు," అన్నాడు. "రా, ఆడదాం."

"ఇక్కడ బోర్డు లేదండీ. మీకు కష్టం."

ఇద్దరూ తాటిమొద్దు దగ్గరికి నడిచారు. తిరుపతిరావు వేశాడు. ఆనించడానికి ఏమీ లేని బంతి రింగు మీదుగా పోయి కంపలో పడింది. మళ్ళీ వేశాడు, మళ్ళీ అంతే. చేతులు గీరుకుపోయాయి.

"గాలి ఎక్కువగా ఉంది," అన్నాడు.

"అవునండీ," అన్నాడు ప్రేమానందం. ఒక ఆకూ కదలడం లేదు.

పోతూ పోతూ తిరుపతిరావు బంతి అక్కడే వదిలేశాడు. అతనెక్కిన బస్సు మలుపు తిరిగి, దుమ్ము అణిగేదాకా ప్రేమానందం చూస్తూ నిలబడ్డాడు. తరవాత ఇంటివైపు తిరిగి, ఎవరూ లేరని చూసుకుని, బంతిని మెల్లగా తలుపు మీది నల్లచదరానికి విసిరాడు.

ధబ్.

బంతి తిరిగొచ్చి చేతుల్లో పడింది. ఇన్నేళ్ళలో విసిరిన బంతి తనంతట తాను వెనక్కి రావడం అదే మొదలు.

"ఎవరండీ?" లోపల్నుంచి రత్నమణి.

"ఎవరూ లేరులే," అన్నాడు బంతి గుండెలకి ఆనించుకుని.