బాంధ్ అంటే గట్టు

మా పడవ ఆ దీవి రేవు చేరేసరికి ఆటు. పడవ అడుగు బురదలో కూరుకుపోయింది. బూట్లు మెడలో వేసుకుని, వైర్‌లెస్ సెట్టు నెత్తిన పెట్టుకుని, మోకాలి లోతు బురదలో నడిచాను. గంగ బంగాళాఖాతంలో కలిసేచోట ఉన్న దీవి అది. తుపాను వెళ్లి వారం అయింది. ముందు పౌర్ణమి పోటు ఉంది. అది వచ్చేలోగా గట్టు బాగుచెయ్యాలి. మా ఆర్మీ జట్టుకిచ్చిన ఆర్డరు అదే.

ఆ డ్యూటీ గురించి మా ఊరు పద్మనాభంలో చాలామందికి చెప్పాను. తప్పు చెప్పాను. అందుకే ఇది రాస్తున్నాను.

దీవి చుట్టూ మట్టిగట్టు. లోపలి నేల పోటునీటి కంటే పల్లం. గట్టు లేకపోతే రోజుకు రెండుసార్లు సముద్రం వంటింట్లోకి వస్తుంది. ఒకప్పుడంతా అడవేనట. తెల్లవాళ్ల కాలంలో పక్క జిల్లాల పేదలను తెచ్చి అడవి కొట్టించారు, గట్టు పోయించారు. తర్వాత సముద్రం అంచులు కోసుకుంటూ వచ్చింది. జనం లోపలికి జరుగుతూ వచ్చారు. నేల తగ్గింది, జనం తగ్గలేదు. విశాఖ పూర్ణా మార్కెట్ సందుల్లో కొట్లలా ఇళ్లు, చూరుకు చూరు తగులుతూ. ఇంటి అరుగు ఎత్తు చేయడానికి మట్టి తవ్విన చోటే ఇంటింటికీ ఒక చిన్న చెరువు. దానికి వాననీళ్లే దిక్కు. స్నానం, గిన్నెలు, చేపలు, తమలపాకు తోట, అన్నీ ఆ నీళ్లతోనే.

మేం స్కూల్లో దిగాం. పక్కింటి పెద్దావిడను అందరూ మాసీ అనేవారు. పిన్ని అని అర్థం. తన చెరువులో మమ్మల్ని స్నానం చెయ్యనిచ్చింది. సబ్బు మాత్రం వద్దంది, చేపలు చస్తాయని.

పౌర్ణమి రోజు మా వాళ్లంతా తూర్పుగట్టు మీద ఉన్నారు. దక్షిణపు గట్టులో ఊటను ఊరివాళ్లే పూడుస్తున్నారు. పూడగానే కబురు పంపమన్నాం. ఇసుకబస్తాల పడవ ఒక్కటే. సుబేదారు గారు దానితో రేవులో ఉన్నారు. స్కూల్లో సెట్టు దగ్గర నేను, వరస లేకపోయినా నన్ను బావా అనే మా టెక్కలి డ్రైవరు.

మధ్యాహ్నం పోటు ఎక్కుతుండగా మాసీ పరుగున వచ్చింది.

"బాంధ్ గ్యాలో! బాంధ్ గ్యాలో!"

నేను ఎదురుచూస్తున్న మాటే నాకు వినబడింది.

"బంద్?" అన్నాను.

"హ్యా, హ్యా, బాంధ్!"

మైకు నొక్కాను. "దక్షిణం బంద్ అయింది సార్. ఓవర్."

"శభాష్. అయితే పడవ తూర్పుకు తీసుకెళ్తున్నా. ఓవర్."

డ్రైవరు ఆమెనే చూస్తున్నాడు. "బావా, పని అయిపోతే ఏడుస్తన్నాదేటి ఈవిడ?"

"పరిగెట్టి వచ్చింది కదరా. ఆయాసం."

"ఆయాసానికి గుండెలు బాదుకుంటారేటి? ఓపాలి ఎల్లి సూసొద్దామా?"

"సెట్టు ఒగ్గీసి నాను రాను. నువ్వూ కూకో."

ఆ గట్టు స్కూలు వెనకే. తాటిచెట్ల వరస దాటితే కనబడుతుంది.

వాళ్ల భాషలో బాంధ్ అంటే గట్టు. గట్టు పోయింది అని ఆమె చెప్పింది. ఊట పూడింది అని నేను చేరవేశాను.

నీళ్లు స్కూలు వాకిట్లోకి వచ్చాక మళ్లీ మైకులో పిలిచాను. పడవ వెనక్కి తిరిగి వచ్చేసరికి గండి ఇంటి వెడల్పు అయింది. జనాన్ని స్కూలు డాబా ఎక్కించాం. మనుషులెవరూ పోలేదు. పశువులు పోయాయి. ప్రతి చెరువులోకీ సముద్రం వచ్చింది. మర్నాటికి చేపలు వెల్లకిలా తేలాయి.

సుబేదారు గారు అడిగారు. "గండి పడితే ఊరివాళ్లు కబురు పంపలేదా?"

"పంపలేదు సార్."

డ్రైవరు బూటు లేసు కట్టుకుంటున్నాడు. తల ఎత్తలేదు. తర్వాత నన్ను పేరు పెట్టి పిలిచేవాడు. బావా అని మళ్లీ అనలేదు. ఊరివాళ్ల నిర్లక్ష్యం అని పైకి రిపోర్టు వెళ్లింది.

రిటైరై వచ్చి విశాఖలో పోర్టు గేటు దగ్గర సెక్యూరిటీలో చేరాను. స్టీల్‌ప్లాంటులో పనిచేసే మా బావమరిది ఆ దీవి గురించి అడిగినప్పుడల్లా ఒకటే చెప్పేవాణ్ణి. "ఆలంతేరా. ములిగిపోతన్నా నోరిప్పరు." అతను దాన్ని నలుగురికీ చెప్పి నవ్వించేవాడు.

మొన్న అతనే ఫోన్ చేశాడు. "రేపు బందంట బావా, డ్యూటీకెలాగెల్తావు?"

"ఏటి బంద్?"

"బందంటే బందే. ఏటి, తెలుగు మర్సిపోనావా?"

ఫోన్ పెట్టేశాను. మాట తప్పు వినడం ఎవరికైనా జరుగుతుంది. కానీ ఆ రోజు మాసీ మొహం నాకు ఎదురుగానే ఉంది. ఆ ఊరివాళ్లు నోరు విప్పారు. కబురు పంపారు. విన్నవాణ్ణి నేనే.

మేం దీవి వదిలిన రోజు పొద్దున మాసీ తన చెరువు గట్టున కూర్చుని ఉంది. దోసిలితో నీళ్లు తీసి నోట్లో పోసుకుంది. ఉమ్మేసింది. చీర చెంగుతో మూతి తుడుచుకుని లేచింది. చెరువు చుట్టూ నడిచి, రెండో మూలకు వెళ్లి, మళ్లీ వంగింది.