మందార ఆకు తిన్న ఊసరవెల్లి

2023 జూలై. వానలు మొదలైతే మా నర్సరీ వాళ్లకు పండగే. శామీర్‌పేట రోడ్డు పక్కన మా షెడ్డులో ఆ నెలంతా కాలు పెట్టడానికి సందుండదు. ఇరవై రెండేళ్లుగా నాకు ఇదే పని. మొక్కలు కొనేవాళ్లు ఏమడుగుతారో నాకు కంఠతా వచ్చు. ఎండలో పెట్టాలా, నీడలోనా? ఎప్పుడు పూస్తుంది? చచ్చిపోతే మారుస్తారా? జవాబులు కూడా కంఠతానే. అడిగేవాళ్లు ప్రశ్న పూర్తి చేసేలోపే చెప్పేస్తాను. అలా చెప్పేయడం గొప్ప అనుభవమనుకునేదాన్ని.

ఒక బుధవారం మధ్యాహ్నం శిరీష అనే అమ్మాయి వచ్చింది. ముప్పై ఏళ్లుంటాయి. తణుకు వైపు వాళ్లు. జీడిమెట్లలో ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో పనిచేస్తుంది, బహదూర్‌పల్లిలో కొత్త కాలనీలో ఇల్లు. ఫోన్లో ఏదో జాబితా రాసుకుని వచ్చింది.

"ఆంటీ, ఊసరవెల్లికి మొక్కలు కావాలండి."

నవ్వాపుకోలేకపోయాను. "మా కంచెల మీద మస్తున్నయి మేడం. ఒక్కటి గూడ ఇయ్యాల్టిదాంక మొక్కలు కొననీకి రాలే."

ఆమె నవ్వలేదు. మన చెట్ల మీద తిరిగేదాన్ని పట్టి పెంచితే నేరమని, తను తెప్పిస్తున్నది విదేశీ జాతిదని, దానికి కాగితాలన్నీ ఉన్నాయని ఓపికగా చెప్పింది. శుక్రవారం వస్తుందట. ఇంతకుముందు కుక్కనైనా పెంచింది కాదు. ఆరు నెలలు చదివి, చదివి, ముందు ఇల్లు కట్టి తర్వాతే ప్రాణిని తెచ్చుకుంటోంది.

ఆ ఇంటి ఫోటో చూపించింది. నాలుగడుగుల ఎత్తు అల్యూమినియం ఫ్రేము, నాలుగు వైపులా నల్ల జాలీ. గాజు తొట్టిలో పెడితే గాలాడక ఊపిరితిత్తులు పాడవుతాయట. పైన ఒక మూల వెచ్చదనానికి బాస్కింగ్ బల్బు, పక్కన ఎండకు బదులు యూవీ ట్యూబు, ఇంకో మూల నీళ్లు చుక్కలుగా పడే డ్రిప్పు. గిన్నెలో నీళ్లు పెడితే అవి నీళ్లని దానికి తెలియదట. ఆకుల మీద జారే చుక్కలే తాగుతుందట. అందుకే నిజమైన మొక్కలు కావాలి. వినేకొద్దీ నాకు ముచ్చటేసింది. మనుషులకు ఇల్లు కట్టేవాళ్లు కూడా ఇంత ఆలోచించరు.

ఎర్ర మందార, గొడుగు ఆకుల మొక్క, మనీప్లాంట్ తీసి పెట్టాను. శిరీష మందార ఆకును వేళ్లతో తడిమి చూసింది.

"ఆంటీ, వీటికి మందేమైనా..."

"ఒక్క సుక్క కొట్టలే మేడం. అంత ఆర్గానికే."

"ఈ జాతి ఆకులు కూడా కొరుకుతుందటండి. అందుకని అడిగాను."

"తిననియ్యి మేడం, ఏం గాదు," అన్నాను, అప్పటికే వెనక నిలబడ్డ ఇంకొకాయనకు గులాబీల ధర చెబుతూ. సాయంత్రం మా ట్రాలీ ఆటో వాటిని వాళ్లింట్లో దించి వచ్చింది.

శనివారం పన్నెండు గంటలప్పుడు కాస్త తెరిపి దొరికితే ఫోన్ చూశాను. శిరీష పొద్దున ఎనిమిదికి ఒక ఫోటో పంపింది. జానెడు పచ్చటి జంతువు, నెత్తిన టోపీ లాంటి కొమ్ము, మందార కొమ్మ మీద కూర్చుని ఉంది. నోట్లో ఆకు ముక్క. కింద రాసింది: "ఆంటీ, మీ మందార తెగ నచ్చేసింది దీనికి!"

నాకు సంబరమైంది. మా షెడ్డులో పదేళ్లుగా పనిచేసే యాదమ్మను పిలిచి చూపించాను. యాదమ్మ ఫోన్ దగ్గరగా పెట్టుకుని చూసింది. ముఖంలో నవ్వు రాలేదు.

"అమ్మా, గది మన ఎర్ర మందారేనా? బుధారం వోయినదేనా?"

"అవు. ఏమైంది?"

"గా వరసకు సోమారం గుళికలేసిన గదమ్మా."

గుళికలంటే కుండీ మట్టిలో కలిపే పురుగుమందు. మా వాళ్లు సిస్టమిక్ అంటారు. పైన చల్లే మందు కాదది. వేరు పీల్చుకుని కాండానికి, ఆకుకు, పువ్వుకు ఎక్కిస్తుంది. మందారకు పట్టే పిండినల్లి ఆకు రసం పీల్చి చస్తుంది. కడిగితే పోదు, వారాల తరబడి ఆకులోనే ఉంటుంది. వానాకాలంలో నెలకోసారి షెడ్డు కింది కుండీలకు వేయమని యాదమ్మకు ఎప్పుడో చెప్పి ఉంచాను. ఏ వరసకు ఏ రోజు వేసిందో నేను అడగను, ఆమె చెప్పదు. అలా నడిచిపోతోంది.

శిరీషకు ఫోన్ చేశాను. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేశాను, మళ్లీ అంతే. మందుల కంపెనీల్లో ఫోన్లు లోపలికి తీసుకుపోనివ్వరు, గేటు దగ్గర లాకర్‌లో పెట్టాలి. జీడిమెట్లలో పనిచేసే మా మరిది చెప్పేవాడు. సాయంత్రం దాకా ఆమె చూడదు. ఆలోపు అది ఇంకెన్ని ఆకులు తింటుంది?

షెడ్డు పక్కనే ఉన్న మా ఇంటి పెరట్లోకి పరుగెత్తి, మందారకు బదులు పెట్టడానికి జామచెట్టు కొమ్మలు నాలుగు నరికాను. స్కూటర్‌కు ముందు అడ్డంగా కట్టుకుని, ఆటో డ్రైవర్‌ను అడ్రసు అడిగి, బయల్దేరాను. మేడ్చల్ దాకా లారీలు. మేడ్చల్ దాటి గౌడవెల్లి దగ్గరకొచ్చేసరికి రైలు గేటు పడింది. గౌడవెల్లి మా అమ్మగారి ఊరు, కాబట్టి అక్కడ ఎవరో ఒకరు తగలకుండా ఉండరు. చిన్నాన్న కొడుకు బండి పక్కన పెట్టి, "ఏందక్కా, కొమ్మలేసుకోని యాడికి? జల్దీల ఉన్నట్టున్నవ్?" అన్నాడు.

"ఊసరవెల్లికి పానం మీదికొచ్చింది తమ్మీ."

వాడు నన్ను ఎగాదిగా చూశాడు. గూడ్సు బండి పోతూనే ఉంది. పెట్టె పోతోంది, ఇంకో పెట్టె వస్తోంది. ఆ రైలు మీద, యాదమ్మ మీద, గుళికల షాపు వాడి మీద అందరి మీదా కోపం వచ్చింది. నా మీద తప్ప.

బహదూర్‌పల్లిలో శిరీష ఇంటి పచ్చ గేటు దగ్గర బెల్లు కొడితే వాళ్ల నాన్నగారు వచ్చారు. డెబ్బై దాటిన మనిషి, తెల్ల లుంగీ, చేతిలో పేపరు. హాలు తలుపు తెరిచే ఉంది. లోపల నల్ల జాలీ గూడు, వెలుగుతున్న బల్బు కనిపిస్తున్నాయి.

"ఎవరమ్మా? అమ్మాయి డ్యూటీకెళ్లిందండి."

"నర్సరీ నుంచి సార్. మీకిచ్చిన మొక్కలు మారినయి. వేరేటోళ్లయి మీకొచ్చినయి. మార్చిపోదామని వచ్చిన."

చూడండి నా నోరు! అంత దూరం పరుగెత్తుకొచ్చి, గుమ్మంలో నిలబడి మళ్లీ అబద్ధమే ఆడింది. నిజం చెబితే పరువు పోతుందని కాదు, ఎందుకో ముందు అదే వచ్చింది.

"ఏమీ మారలేదమ్మా. మా అమ్మాయి జాబితా చూసుకుని మరీ తెచ్చుకుంది. అయినా అది నిన్ననే వచ్చిన ప్రాణి. ఈ వారమంతా ఎవరూ గూట్లో చెయ్యి పెట్టకూడదని, బెదిరితే చచ్చిపోతుందని మరీ మరీ చెప్పి వెళ్లింది. సాయంత్రం ఆరింటికి రండి, అమ్మాయి ఉంటుంది."

ఆయన గేటు మూయబోయారు. ఆయన భుజం మీదుగా నాకు గూడు కనిపిస్తూనే ఉంది. మందార కొమ్మ మీద ఆ జంతువు మెల్లగా మెడ చాచింది. ఆకు అంచు పట్టుకుంది.

"సార్, అండ్ల విషం ఉంది," అన్నాను. "మొక్కలకు మందేసినం. మీ బిడ్డ అడిగితే లేదని జెప్పిన. అబద్ధం జెప్పిన సార్. అది తింటుంది, సూడుండ్రి."

ఆయన వెనక్కి తిరిగి చూశారు. గేటు తీశారు.

శిరీష గోడ మీద ఒక కాగితం అంటించి వెళ్లింది. అందులో పాములను, పక్షులను చూసే డాక్టర్ నంబరుంది. పెద్దాయన ఆ నంబరుకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టారు. మందు పేరు చెప్పాను. డాక్టర్, "చేత్తో పట్టుకోకండి. దానంతటది వేరే కొమ్మ ఎక్కేలా చేయండి. కుండీలన్నీ తీసేయండి. మంచినీళ్లు తుంపరగా కొట్టండి. కొమ్మ మీద పట్టు సడలినా, ఒళ్లు వణికినా వెంటనే తీసుకురండి," అన్నాడు.

గూటి తలుపు తీయగానే అది పచ్చ నుంచి నలుపుకు తిరిగింది. నోరు తెరిచి బుస కొట్టింది. కందిరీగలు, జెర్రులు, కట్లపాములు అన్నీ చూసినదాన్ని. ఈ జానెడు జంతువు ముందు ఒక అడుగు వెనక్కి వేశాను. జామ కొమ్మను దాని ముందు పెట్టి కదలకుండా నిలబడ్డాను. ఒక కన్ను నా మీద, ఒక కన్ను కొమ్మ మీద. ఐదు నిమిషాలు. భుజం లాగేస్తోంది. ముందు కాలు ఒకటి గాల్లోకి లేపి, వెనక్కి పెట్టుకుంది. మళ్లీ లేపింది. పెద్దాయన నా పక్కనే ఉన్నారు. చివరకు ఆ కాలు జామ కొమ్మను పట్టుకుంది. తర్వాత రెండోది. తోక మాత్రం మందారను వదలడం లేదు. వదిలేసరికి నా కళ్లలో నీళ్లు తిరిగాయి.

మూడు కుండీలూ బయట పెట్టేసి, మిగతా జామ కొమ్మలు గూట్లో కట్టాం. మందారలో కొరికిన ఆకులు రెండు, ఒక పూరేకు. ఇక చేయగలిగింది చూడటమే. ఇంతలో అది ముందుకూ వెనక్కూ ఊగడం మొదలుపెట్టింది. "అయ్యో సార్, ఒణుకుతాంది!" అని అరిచాను.

"కంగారు పడకండి. నడిచే ముందు అలా ఊగుతుందట, గాలికి ఆకు కదిలినట్టు కనబడటానికి. నిన్నట్నుంచీ ఊగుతూనే ఉంది. కాళ్లు చూడండి, పట్టు గట్టిగానే ఉంది," అన్నారాయన. ఆయనే నాకు ధైర్యం చెప్పాల్సి వచ్చింది.

ఆ సిగ్గులో నేనూ ఏదో ధైర్యం చెప్పాలనుకున్నాను. "ఈ జామ కొమ్మలతోని రంది లేదు సార్. మా ఇంటి చెట్టు. మేం తింటం గదా, దీనికి మందు ముట్టియ్యం."

ఆయన గూటి వైపు చూసి, నా వైపు తిరిగారు.

"అమ్మా, ఆ రోజు తులసి మొక్క కూడా ఒకటి వచ్చింది మీ దగ్గర్నుంచి. దగ్గుగా ఉందని మూడు రోజులుగా పొద్దున్నే నాలుగాకులు నములుతున్నాను. అది కూడా...?"

ఆ తులసి కొసరుగా నేనే ఇచ్చాను. ఆటో కదిలేముందు చేతికందిన చిన్న కుండీ తీసి పెట్టాను. దాని గురించి ఎవరూ అడగలేదు కాబట్టి నేను అబద్ధం కూడా చెప్పలేదు. అసలు గుర్తే లేదు.

యాదమ్మకు ఫోన్ కలిపాను.

"తులసి వరసకు గుళికలేసినవా?"

"నువ్వేగదమ్మా షెడ్డు మొత్తం ఎయ్యమంటివి."

"ఏసినవా లేదా, గది జెప్పు!"

"ఏడేసిన? నందివర్ధనాల కాడికొచ్చేసరికే పాకిట్ ఒడిసిపాయె. కొత్తది తెచ్చి ఏద్దామనుకున్న, ఇగ గిరాకిల పడి మర్సిపోయిన. తిట్టకమ్మా."

నేను గూటి పక్కనే నేల మీద కూర్చున్నాను. పెద్దాయన లోపలికి వెళ్లి నాకు మంచినీళ్లు తెచ్చి ఇచ్చారు. ఆ గ్లాసు అందుకోవడానికి నాకు ముఖం చెల్లలేదు.

ఆరింటికి శిరీష వచ్చింది. కంపెనీ గేటు దగ్గరే ఫోన్లో నా మిస్డ్ కాల్స్ చూసుకుందేమో, చెప్పులు కూడా విడవకుండా గూటి దగ్గరకు పరుగెత్తింది. దాని కాళ్లు చూసింది, కళ్లు చూసింది, టార్చి వేసి నోరు చూసింది. నాన్నగారు చెప్పిందంతా వింది. అరుస్తుందనుకున్నాను. అరిస్తే బాగుండేది.

"బుధవారం నేనడిగినప్పుడు మీకు తెలుసా ఆంటీ, తెలియదా?"

"తెల్వదు బిడ్డా. నిజంగ తెల్వదు."

"తెలియనప్పుడు లేదని ఎలా చెప్పారు?"

అన్నీ కంఠతా వచ్చినదాన్ని. ఆ ఒక్క జవాబూ ఇప్పటికీ రాదు.

ఆదివారం అది ఏమీ తినలేదని, కళ్లు సగం మూసుకుని ఉందని శిరీష మెసేజ్ పెట్టింది. పగలు కళ్లు మూసుకుంటే దానికి బాగాలేనట్టేనట. ఆ రోజు షెడ్డులో నేను ఎవరికి ఏ మొక్క ఇచ్చానో నాకు తెలియదు. సోమవారం పొద్దున ఒక వీడియో వచ్చింది. అది జామ కొమ్మ మీద నిలబడి, మూరెడు నాలుక విసిరి మిడతను లాక్కుంది. కింద ఒక్క మాట కూడా రాయలేదామె. శిరీష మళ్లీ మా నర్సరీకి రాలేదు, నేను రమ్మననూ లేదు.

ఇప్పుడు ఎవరైనా మందు వేశారా అని అడిగితే, "ఉండుండ్రి, కనుక్కొని చెప్త," అని యాదమ్మను పిలుస్తాను. వేశామంటే కొందరు కుండీ కింద పెట్టి వెళ్లిపోతారు. అడగనివాళ్లకు కూడా చెబుతున్నాను, తులసి, కరివేపాకు, పుదీనా కొనేవాళ్లకు ముందుగా. ఊసరవెల్లి కడుపులోకి ఏం పోయిందోనని అంత దూరం ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పరుగెత్తాను. అదే ఇంట్లో రోజూ నా మొక్క నుంచి ఆకులు కోసుకు తింటున్న మనిషి ఉన్నాడు. ఆయన అడిగేదాకా ఆయన సంగతి నాకు తట్టనే లేదు. ఆయన్ను కాపాడింది నా నిజం కాదు, యాదమ్మ మరుపు.