తమ్ముడి పేరు మీద అన్న పేరు

"బావ లేస్తలేడురా" అని అక్క ఫోన్ చేసినప్పుడు నేను దుబాయ్ అవతల సజ్జాలో, పనిచేసే ఫ్యాక్టరీ గేటు దగ్గర ఉన్నాను. అల్ కుసైస్‌లో వాళ్ల ఫ్లాటుకు చేరేసరికి డాక్టరు చూసి వెళ్లిపోయాడు. నిద్రలోనే పోయాడన్నారు. బావ ఏ పనైనా చప్పుడు కాకుండా చేసే మనిషి. ఇదీ అలాగే చేశాడు.

బర్ దుబాయ్‌లో ఒక బట్టల దుకాణంలో లెక్కలు చూసేవాడు. ఆయనకున్న పిచ్చి ఒక్కటే, పాత వెండి నాణేలు. అన్నీ కలిపినా గుప్పెడు నిండవు. వాటిలో ఒకదాని గురించి మాత్రం ఎవరు దొరికినా వదిలేవాడు కాదు.

ఎప్పుడో సుల్తానుల కాలంలో తండ్రి చనిపోతే అన్న రాజధానిలో గద్దెనెక్కాడట. తమ్ముడు దూరపు కోటలో కూర్చుని, నేనే రాజునని తన పేరున వెండి టంకాలు కొట్టించాడట. ఆ రోజుల్లో నాణెం మీద పేరుంటే రాజు, లేకపోతే దొంగ. తమ్ముడు ఓడాక అన్న ఆ నాణేలు పోగు చేయించి, వాటి మీదే తన పేరు కొట్టించాడు. తను కొన్న నాణెం అలాంటిదేనని, దాని మీద అన్న పేరు కింద తమ్ముడి పేరులోని ఒక అక్షరం తోక ఇంకా మిగిలి ఉందని బావ వాదన.

"ఓడినోడు పోతడు బామ్మర్దీ, కొట్టిన పేరు పోదు" అంటూ భూతద్దం నా కంటికి ఆనించేవాడు. నాకు నల్లటి మరక తప్ప ఏమీ కనబడేది కాదు.

ఆ నాణెం అమ్మిన సేట్ కూడా ఒప్పుకోలేదు. బావ పనిచేసే దుకాణం పక్క సందులో పాత వెండి సామాను అమ్మే పెషావర్ మనిషి. అది గీత అని ఆయన, అక్షరమని ఈయన, ప్రతి సెలవు నాడూ చాయ్ మీద చాయ్ తాగుతూ కొట్లాడుకునేవారు. బావ ఆ ఓడిన తమ్ముడి పక్షాన అంత గట్టిగా ఎందుకు నిలబడ్డాడో నాకు అర్థం కాదు. తన ఇంట్లో తనే పెద్దవాడు.

కరోనా సద్దుమణిగిన ఏడాది దీపావళికి, లక్ష్మీపూజలో పెడదామని అక్క ఆ నాణెం తీసి పళ్లపొడితో తళతళా తోమేసింది. మరకతో పాటు తోకా పోయింది. బావ దాన్ని వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూశాడు.

"మంచిగ మెరుస్తుంది" అని అక్కతో చెప్పి, తనే బొట్టు పెట్టి దేవుడి ముందు ఉంచాడు.

ఆ వారమే సేట్ దగ్గరికి వెళ్లి "ఆప్ జీత్ గయే సేట్, ఖలాస్" అన్నాడు. గెలిచింది మీరే, ఇక అయిపోయిందని ఒప్పేసుకున్నాడు. నేనూ పక్కనే ఉన్నాను. తిరిగి వస్తుంటే మెట్రోలో కోప్పడ్డాను.

"అక్క తోమిందని చెప్పొచ్చు గద బావా."

"చెప్తే ఆ మాట తిరిగి తిరిగి మీ అక్క చెవుల పడ్తది. ఎన్నడో సచ్చిన రాజు కోసం ఇంట్లున్న మనిషిని ఏడిపియ్యాల్నా?"

ఆ తర్వాత సేట్ దుకాణానికి వెళ్లడం తగ్గించాడు. కొట్లాడుకోవడానికి ఏమీ మిగలలేదు మరి. నాణేల మాటెత్తితే నవ్వి ఊరుకునేవాడు. ఆ నవ్వు చూస్తే నాకు బాధేసేది.

ఈ సంగతంతా మొన్న అక్కకు చెప్పాకే రాస్తున్నాను. అక్క "నల్లగున్నదాన్ని లక్ష్మీదేవి ముంగట ఎట్ల పెడ్తర్రా" అని మాత్రం అని, కళ్లు తుడుచుకుంది.

బావ పోయాక సేట్ పరామర్శకు వచ్చాడు. వెళ్లేటప్పుడు లిఫ్టు దాకా నేనూ నడిచాను. బావ ఓడిపోలేదని ఇప్పుడైనా ఆయనకు తెలియాలనిపించి, పళ్లపొడి సంగతి చెప్పేశాను. ఆ తోక మీకూ కనబడలేదు, నాకూ కనబడలేదు, ఆయన ఒక్కడికే కనబడింది అన్నాను.

సేట్ తల అడ్డంగా ఊపాడు. "ముఝే దిఖా థా. పెహ్లే దిన్ హీ."

కనబడిందట, మొదటి రోజే. మరి కాదని ఎందుకన్నారని అడిగాను.

"మాన్ లేతా, తో వో ఫిర్ ఆతా క్యా?"

ఒప్పుకుంటే మళ్లీ వచ్చేవాడా అని నన్నే అడుగుతున్నాడు. లిఫ్టు వచ్చింది. తలుపు తెరుచుకుని, కాసేపు ఆగి, మూసుకుంది. సేట్ ఎక్కలేదు.