మోటబావిలో అండమాన్ యాత్ర

నిజామాబాద్ జిల్లా మొత్తమ్మీద నోట రబ్బరు గొట్టం కరుచుకొని సముద్రం అడుగుకు దిగిన మొట్టమొదటి మొనగాణ్ణి నేనే. చేపలు నాకు దారిచ్చాయి. ఒక మొసలి పక్కకు జరిగి రామ్ రామ్ చెప్పింది. ఆ తర్వాత జరిగిన ఘోరం వింటే మీరు స్నానం మానేస్తారు.

నమ్మరా? సరే, కొంచెం తగ్గిస్తాను. అది సముద్రం కాదు, మా మామ ఇంటి వెనుక చెరుకు తోటలో మోటబావి. మొసలి కాదు, కప్ప. రామ్ రామ్ చెప్పలేదు, నన్ను చూసి దూకి పారిపోయింది. రబ్బరు గొట్టం మాత్రం నిజం.

అప్పటికి నాకు పెండ్లయి ఏడాది కాలేదు. బోధన్‌లో చెరుకు బండ్లు తూచే కాటా దగ్గర గుమస్తాను. మీసం కొత్తగా వచ్చింది, అక్కల్, అంటే బుద్ధి, ఇంకా దారిలో ఉంది. ఒక ఆదివారం నా భార్య రాజవ్వను నిజామాబాద్‌కు సినిమాకు తీసుకుపోయాను. సినిమాకు ముందు సర్కారువాళ్ళ వార్తల రీలు వేసేవారు కదా, అందులో ఎవడో తెల్లాయన వీపుకు ఇనుప డబ్బా కట్టుకొని, దాని గొట్టం నోట్లో పెట్టుకొని సముద్రంలో దిగాడు. చుట్టూ రంగురంగుల చేపలు. రీలు నలుపు తెలుపే, రంగులు మేమే వేసుకున్నాం.

రాజవ్వ నా మోచెయ్యి గిల్లింది. "సముద్రం నిజంగ గంత పెద్దగుంటదా?"

"ఇంకా పెద్దగుంటది," అన్నాను, నేనే దగ్గరుండి తవ్వించినట్టు.

"ఒక్కపారి సూడాలె నేను."

"ఒక్కపారేంది? గానుగ సీజన్ అయిపోంగనే అండమాన్ దీవికి పోదాం. నువ్వు ఒడ్డుకు కూసో. నేను గా డబ్బా కట్టుకొని లోపలికి పోయి నీకు శంఖం తెస్త."

ఆ తర్వాత ఆమె సినిమా చూడలేదు, నా మొహమే చూసింది. పెండ్లాం అట్లా చూస్తే మగవాడు అండమానే కాదు, చంద్రమండలం కూడా రాసిస్తాడు.

నాకు అమ్మా బాపు చిన్నప్పుడే పోయారు. పెద్దదిక్కు మా మామే. ఆయన ఊరు మాక్లూర్ దిక్కు. సీజన్ అయిపోగానే ఇద్దరం పోయి విషయం చెప్పాం.

"అండమానా?" మామ నోట్లో చుట్ట కింద పడింది. "కాలాపాని! నా బిడ్డ ఏం ఖూనీ చేసిందని గాడికి తోలుకపోతవ్ అల్లుడా?"

"అది పాత కథ మామా. ఇప్పుడు షోకుకు పోతున్నరు."

"షోకుకు జైలుకు పోయెటోన్ని నిన్నే సూస్తున్న. సరే, పోయి ఏం జేస్తవ్?"

"సముద్రంల దిగుత."

"ఎందుకు? ఏమన్న పడ్డదా?"

"ఏం పడలే. చేపలను సూస్త."

"మన చెరువుల లేవా చేపలు? పైకి తీసి సూస్తం గద!"

అప్పుడు దర్వాజ చాటు నుంచి రాజవ్వ మెల్లగా అన్నది: "బాపూ, నాకు సముద్రం సూడాల్నని ఉన్నది."

కూతురు నోరు తెరిచి అడిగింది అదే మొదటిసారి. మామ మెత్తబడ్డాడు. కానీ షరతు పెట్టకుండా మెత్తబడే జాతి కాదు.

"ఇంట గెలిచి రచ్చ గెలువుమన్నరు. నువ్వు బావి గెలిచి సముద్రం గెలువు. రేపు మన మోటబావిల దిగు. ఎవ్వలు గుంజకుండ నీ అంతట నువ్వు పైకి రా. నేనే ఇద్దరిని రైలెక్కిస్త. రాకుంటే మళ్ళ సముద్రం పేరెత్తద్దు."

మీకు చెప్పనేలేదు, నాకు ఈత రాదు. ఈత వచ్చినవాడికి డబ్బా ఎందుకు, డబ్బా ఉన్నవాడికి ఈత ఎందుకు? ఇదీ నా సిద్ధాంతం. డబ్బాలో ఉండేది గాలే కదా, ఆ గాలి ట్రాక్టర్ ట్యూబులో లేదా? సైకిల్ షాపులో పాత ట్రాక్టర్ ట్యూబు ఒకటి అడిగి తెచ్చి, పొట్టేలును మింగిన కొండచిలువలా ఉబ్బేదాకా గాలి కొట్టించాను. దాన్ని నడుముకు తొడుక్కొని, వాల్వుకు రబ్బరు గొట్టం బిగించి, కొస నోట్లో పెట్టుకున్నాను.

తెల్లారి ఊరంతా బావిగడ్డ మీదే ఉంది. "జై హనుమాన్" అని దూకాను. దూకడానికి పట్టినంత సేపు కూడా మునగలేదు, నూనెలో పూరీలా పొంగి తేలాను. ఇటు తిరిగినా తేలుడే, అటు పొర్లినా తేలుడే.

"దిగుతనన్నడు, తేలుతుండేంది?" అన్నది మా అత్త.

ఆడలేనివాడు మద్దెల ఓడంటాడు. మునగలేనివాణ్ణి, నేను బావిని అన్నాను: "ఈ నీళ్ళు గట్టిగున్నయ్! బరువు కావాలె, రాయేదన్న ఇయ్యుండ్రి!"

అత్త ఇంట్లోకి ఉరికి రోట్లో పప్పు రుబ్బే పొత్రం తెచ్చి, బావి మెట్లు దిగి అందించింది. దాన్ని కండువాలో మూటగట్టి మెడకు వేసుకున్నాను.

అంతే! తల పాతాళానికి, కాళ్ళు ఆకాశానికి, నడుము మాత్రం ఎక్కడిదక్కడే. గొట్టం ఊడింది. ట్యూబు బుడబుడమని ప్రాణం విడిచింది. కండువా ముడి విప్పుకొని పొత్రం తన దారి తాను చూసుకుంది. నేను చేతులూ కాళ్ళూ ఆడిస్తూ, ఎన్నడూ పలకరించని దేవుళ్ళకు కూడా కొబ్బరికాయలు మొక్కుతున్నాను.

"మోట ఇడువుండ్రి, అల్లుడు పోతుండు!" అని మామ మొత్తుకున్నాడు.

మోట అంటే తోలు బొక్కెన. ఎడ్లు గుంజితే నీళ్ళు పైకొచ్చి కాలువలో పడతాయి. ఆ మోటను నేను తప్పిపోయిన పిల్లవాడు తల్లిని పట్టుకున్నట్టు కావలించుకున్నాను. ఎడ్లకేం తెలుసు? రోజులాగే గుంజాయి. మోట రోజులాగే కాలువలో కుమ్మరించింది. నీళ్ళతో పాటు నేనూ చెరుకు మడికి పారాను.

అత్త అడిగిన మొదటి మాట: "పొత్రం ఏది?"

మామ చుట్ట ముట్టించి ఎడ్ల దిక్కు చూపించాడు. "అండమాన్‌కు వీటిని గూడ తోలుకపోతవా?"

రాజవ్వ ఇంట్లోకి పోయింది.

కనుక, పంచభూతాలలో నీరు తప్ప మిగతా నాలుగింటి సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: ఇకమీదట చెంబులో పట్టేదానికన్నా ఎక్కువ నీటితో నాకే సంబంధమూ ఉండదు. పాతాళం చూసి తిరిగొచ్చినవాడి మాట ఇది.

ఇదంతా రాజవ్వకు చదివి వినిపించాను. బియ్యం చెరుగుతూ విన్నది. చాట ఆపింది.

"ఏడి పాతాళమయ్యా? ఎండకాలం. బావిల నీళ్ళు నీ ఛాతి దాక ఉండె. 'కాళ్ళు కింద పెట్టి నిలవడు, నిలవడు' అని గొంతు పోయేదాక మొత్తుకున్న. నిలవడి మెట్లెక్కి వస్తే అయిపోతుండె. ఆ దినం నువ్వు నిలవడి ఉంటే, నేను సముద్రం సూస్తుంటి."