ఎండ మోసిన మాట

మా బావ పోయినాడని టెలిగ్రాం వచ్చింది. ఇంగ్లీషులో నాలుగు ముక్కలు. తెచ్చిన పోస్టాయనే చదివి, సైకిలు గోడకు ఆనించి, "పోయినాడంటమ్మా, కడపలో" అన్యాడు. ఎట్ల పోయినాడు, పోయేముందు ఏమన్యాడు, పక్కన ఎవురున్యారు, అందులో ఏమీ లేదు. మాటంటే మనిషి గొంతుతోనే చేరాల, పూర్తిగా చేరాల అని కొట్టుకులాడిన మనిషి ఆయన. అట్లాంటాయన చావు ఆ కాగితంముక్కలో వచ్చింది. నాకు ఏడుపుకంటే ముందు కోపం వచ్చింది.

పెన్న ఇసకలో నడిచి, బస్సు పట్టుకోని పోయేసరికి అంతా అయిపోయింది. ఏట్లో చుక్క నీళ్లు లేవు. దాటనీకి ఏ అడ్డమూ లేదు, అయినా అందుకోలేకపోతిమి. ఇల్లుగలామె చెప్పింది, నిద్రలోనే పోయినాడంట, ఎవురితోనూ ఏమీ అనలేదంట.

ఆయన మా అక్క మొగుడు. కడపలో హైస్కూల్లో సైన్సు అయ్యవారు. పుట్టింది మాత్రం మా పల్లెలోనే, పెన్నకు ఉత్తరం గట్టున. ఎదురుగా, పెన్న బండల్ని లోతుగా కోసిన గండికి అవతల, గండికోట. మా గట్టు మీద నిలబడితే కోటగోడ చెయ్యి చాస్తే అందేట్ల ఉంటాది. పోవాలంటే మాత్రం ఏటెంబడి పైకి నడిచి, వెడల్పయిన చోట ఇసకలో దాటి, చుట్టు తిరిగి పోవాల. పూట పడతాది. మా అక్కను ఇచ్చిన ఊరికే తర్వాత నన్నూ ఇచ్చినారు. చిన్నప్పుడు కడపలో అక్క ఇంట్లో ఉన్నప్పుడు నాకు అక్షరాలు దిద్దించింది గూడ ఆయనే. ఈరోజు మీకు ఈ నాలుగు మాటలు రాస్తాండానంటే ఆ పుణ్యమే.

నేను ఈ ఊరికి కోడలుగా రాకముందు బావోళ్లమ్మకు జబ్బు చేసింది. కబురంది ఆయన కోటదాకా వచ్చేసరికి పెన్న పారింది. ఈడ చినుకు లేదు, ఎండ కాస్తానే ఉండె. యాడో పైన, మైసూరు దిక్కు వాన పడితే మాకు ఏరు వస్తాది. ఆయన కోటగట్టు మీద, ఊరోళ్లు ఈ గట్టు మీద. గండిలో అరిస్తే గొంతు బండలకు తగిలి, తిరిగొచ్చి, కింద నీళ్ల హోరులో పడి పొడిపొడి అయిపోతాది. "మీయమ్మ" అనేదాకా వినపడిందంట. ఆ తర్వాతి మాట యాడికి పాయనో.

ఏరు తగ్గి ఆయన వచ్చేసరికి పూడ్చిన మట్టి గూడ ఆరిపోయింది. ఆమె ఏమనిందప్పా అని అందర్నీ అడిగినాడంట. ఒకరు నిన్నే అడిగిందన్యారు. ఒకరు మంచినీళ్లు అడిగిందన్యారు. ఇంకొకరు పాడావును అమ్మొద్దనింది అన్యారు. ఎవురి మాటా ఆయన నమ్మలేదు, అట్లని ఎవురి మాటా మర్చిపోలేదు.

"మాటకు కాళ్లు లేవు పాపా, ఎవురో ఒకరు మోయాల" అనేవాడు నాతో. "మనిషి మోస్తే నడమ మారుస్తాడు. గాలి మోస్తే పొడి చేస్తాది. ఎండ మోస్తే మార్చదు. కూలి గూడ అడగదు."

ఎండను అట్ల చూసిన మనిషిని నేను ఇంకొకర్ని చూడలేదు. మనమంతా ఎండను తిట్టేవాళ్లమే గదా. ఆయన బస్సులో గూడ కావాలని ఎండపక్క కూచునేవాడు. చొక్కా జేబులో ఎప్పుడూ అద్దంముక్క. మజ్జిగ గ్లాసు ఇస్తే తాగడు, ఎండలో పెట్టి, దాని మెరుపు గోడమీద పడేట్ల తిప్పి, గ్లాసును గోటితో కొట్టేవాడు. గోడమీద మెరుపు జలజలమని వణికేది. "చూడు, గ్లాసు మాట్లాడతాంది" అనేవాడు. మా అక్క ఒళ్లు మండిపోయి, "గ్లాసు మాట్లాడేది తర్వాత ఇందాం, ముందు తాగి పుణ్యం కట్టుకో, పులిసిపోతాది" అనేది. నోటితో అట్లనేది గానీ, ఆయన పగలగొట్టిన అద్దాలన్నీ ఏరి గుడ్డలో కట్టి దాచిపెట్టేది ఆమే.

ఎండ మీద మాటను గండి దాటించే మిషను ఒకటి చేసినాడు ఆయన, ఎట్ల చేసినాడో నాకు తెలిసినంత చెప్తా. సినిమా రీలు అంచున సన్నగీతలు ఉంటాయంట. వాటిగుండా వెలుగు పోయి ఒక గాజుబుడ్డి మీద పడితే, ఆ బుడ్డి వెలుగును మాటగా మారుస్తాదంట. తెర మీద బొమ్మ మాట్లాడేది అట్లనే. ఆ బుడ్డిని ఆయన కన్ను అనేవాడు. కడప టాకీసులో ఆపరేటరును బతిమాలి, పాతబడిన కన్ను ఒకటి తెచ్చుకున్యాడు. "రీలు చేసే పనిని అద్దం ఎందుకు చేయకూడదు?" అన్యాడు. తెల్లదొర ఒకాయన శానా ఏండ్ల కిందటే ఇట్ల ఎండ మీద మాట పంపినాడంట, తర్వాత తీగలొచ్చి లోకమంతా దాన్ని మర్చిపోయిందంట. "లోకం మరిస్తే మరవనీ, లోకానికి గండి అడ్డం లేదు గదా" అనేవాడు.

మా గట్టున పెద్ద అద్దం ఒకటి ఎండను పట్టి చిన్న అద్దం మీదికి తోలుతాది. ఆ చిన్నది అభ్రకం రేకుకు కళాయి పూసింది, కాగితమంత పలచన. దాని వెనక రేకుగొట్టం. గొట్టంలో నోరుపెట్టి మాట్లాడితే అద్దం వణుకుతాది, దానిమీద నుంచి గండి దాటిపోయే ఎండ గూడ వణుకుతాది. కోటగట్టున లారీ దీపం గిన్నె పెట్టి, దాని నడమ ఆ కన్ను, బ్యాటరీ, చెవులకు తగిలించుకునేవి పెట్టుకున్యాడు. కన్ను ఒకటే కాబట్టి మాట ఒకపక్కే పోతాది. మేం మాట్లాడితే ఆయన వింటాడు. ఆయన జవాబు తుండుగుడ్డతో. పైకెత్తితే విన్నానని. అడ్డంగా ఊపితే మళ్లా చెప్పమని.

మొదటిసారి ఏమైందో చెప్తే మీరు నగుతారు. ఊరంతా గట్టుమీదికి వచ్చింది. నన్ను గొట్టం ముందర నిలబెట్టి ఆయన కోటకు పోయినాడు. నేను గొంతు చించుకోని అరుస్తాండా, అవతల తుండుగుడ్డ అడ్డంగా ఊగుతానే ఉండాది. పొద్దు వాలింది. మర్నాడు ఆయన చుట్టు తిరిగి ఆయాసపడతా వచ్చి చూస్తే, చిన్న అద్దం మీద తడి పసుపు, దాని నడమ ఇంత లావు కుంకంబొట్టు. మా అత్త పెట్టింది. కొత్త నాగలికి పెడతాం, కొత్త తక్కెడకు పెడతాం, దీనికి పెట్టకపోతే ఎట్ల?

"బొట్టు ల్యాకుండా ఉత్త మొగంతో పంపిస్తామా నాయనా దాన్ని, అంత దూరం?" అనింది ఆమె.

పలచని రేకు ఆ పసుపు బరువుకు బిగుసుకోని ఉలకలేదు, పలకలేదు. శానా దినాల కష్టం పోయింది. ఇంకొకరైతే మా అత్తను మాటలతో కాల్చేవాళ్లు. ఆయన ఆడనే బండమీద కూలబడి, కండ్లెంబడి నీళ్లు వచ్చేదాకా నగినాడు. మళ్లా చేసిన అద్దానికి చుట్టూ వెడల్పు చెక్క బిగించి తెచ్చి, "అత్తా, బొట్టు ఈడ పెట్టు, ఎంత లావయినా పెట్టుకో" అన్యాడు. ఇప్పటికీ ఆ చెక్కమీద పసుపు మరక ఉండాది.

రెండోసారి పలికింది. గొట్టంలో ఏం మాట్లాడాల్నో నాకు తోచక, "తిన్నావా బావా?" అంటి. అవతల తుండుగుడ్డ ఒక్కసారిగా పైకి లేచింది. లేచింది దిగలేదు, అట్లనే పట్టుకోని నిలబడినాడు. ఊరంతా ఈలలేసింది. మా అక్క మాత్రం గట్టంచున కూచోని కొంగు నోట్లో కుక్కుకోని ఏడ్సింది.

కర్నూలు రాజధాని అయిన కొత్తల్లో ఆ మిషను మోసుకోని ఆడికి పోయినాడు. అప్పుడు ఆఫీసులు గుడారాల్లో ఉండె. ఒక పెద్ద ఆఫీసరు ఓపిగ్గా చూసి, "బాగుందయ్యా, మరి మబ్బు పడితే?" అని అడిగినాడంట. మా బావ, "మబ్బు పడితే మా సీమలో పండగ చేసుకుంటాం సార్" అన్యాడంట. గుడారమంతా నగిందంట. ఇంటికొచ్చి చెప్తే మేమూ నగితిమి. మా సీమోళ్లకే వచ్చే తెలివి అది. వానకు కరువు చూసినాం, గింజలకు కరువు చూసినాం, ఎండకు కరువొస్తాదని మాలో ఎవురమూ కలలో గూడ అనుకోలేదు. బావోళ్లమ్మ పోయినప్పుడు గూడ ఏరు నిండా నీళ్లు, మింటి నిండా ఎండే గదా.

ఆ మరుసటి ఏడాది సంగతి ఇది. చెనిక్కాయలు పెరికించేదానికి మా అక్క పల్లెకు వచ్చింది. బడి ఉన్నందున బావ కడపలోనే ఉండె. ఆదివారం వస్తే కోటకు వచ్చి చెవులకు అవి తగిలించుకునేవాడు, అక్క గొట్టం దగ్గర కూచోని కూలోళ్ల సంగతీ, గొడ్ల సంగతీ, వారమంతా దాచిపెట్టిన కోపాలన్నీ చెప్పేది. ఎదురుచెప్పే మొగుడు ల్యాకుండా మాట్లాడడం ఎంత హాయిగా ఉండాదే అని నాతో నగేది.

ఒక ఆదివారానికి ఏరు వచ్చింది. అక్కకు జొరం. మబ్బులు దిగతాండాయి గానీ సందులో ఇంత ఎండ ఉండె. నేనే చెప్తి, "అక్కకు జొరం బావా, శానా జొరం." తుండుగుడ్డ లేచింది. ఏరు దాటలేకపోయినా జబ్బు ఎట్లుండాదో డాక్టరు చెవినైనా వేద్దామని, ఆయన ఉరికిపోయి డాక్టరును పిలుచుకోని వచ్చేసరికి మిన్ను మూసుకుంది. ఇంక తెరవలేదు. మా పక్క వంకలు గూడ పొర్లి, బండి కట్టనీకి దోవ లేకపాయ. మా పల్లెలో అంత ముసురు మా అత్త గూడ ఎరగదంట.

ఆయన ఆ గట్టు మీదనే ఉండిపోయినాడు. వానలో, గోనెపట్ట కప్పుకోని, చెవులకు అవి తగిలించుకోని. ఎండ ల్యాక ఏమీ వినపడదని అందరికంటే ఆయనకే బాగా తెలుసు. అయినా తీయలేదు. ఇంట్లో అక్కకు చెప్పితి, బావ అవతలే ఉండాడని. జొరంలో గూడ ఆమెకు రోషం వచ్చింది. "తడస్తా నిలబడినాడా? వానలో పలకదని తెలీదా ఆయనకు? సదువుకున్యోడే గదా. పొడిగుడ్డ కట్టుకోని ఇంత తినమని చెప్పు పో" అనింది. "ఎండ రానీ అక్కా, చెప్తా" అంటి. "మర్చిపోవాకు" అనింది. ఆ తర్వాత ఆమె మాట్లాడలేదు. తెల్లారేసరికి మా అక్క ల్యాదు.

దేవుడనేవాడు ఉంటే ఆయన్ను ఒకటి అడగాల్సి ఉండాది నేను. ఆ పొద్దునే ఎండ వచ్చింది. కడిగిన పళ్లెం మాదిరి తెల్లని ఎండ. మా వాళ్లు పెద్ద అద్దాన్ని తిప్పినారు. గండి దాటి ఆయన ఒంటి మీద వెలుగు పడింది. ఆయన లేచి నిలబడినాడు. గొట్టం దగ్గరికి పోనీకి ఎవురికీ కాళ్లు రాలేదు, నేనే పోతి.

"బావా" అంటి. "నువ్వు తడవొద్దంట. పొడిగుడ్డ కట్టుకోమనింది. ఇంత తినమనింది. మర్చిపోకుండా చెప్పమనింది అక్క." గొట్టాన్ని రెండు చేతులా పట్టుకుంటి. "అక్క పోయింది బావా."

తుండుగుడ్డ అడ్డంగా ఊగుతాదనుకుంటి. మళ్లా చెప్పమంటాడనుకుంటి. మళ్లా చెప్పే శక్తి నాకు ల్యాదు.

ఆయన తుండుగుడ్డను పైకెత్తినాడు. విన్నానని.

ఏరు తగ్గినాక వచ్చినాడు. ఆమె ఏమనింది అని నన్నుగానీ ఇంకొకర్నిగానీ అడగలేదు. మట్టి దగ్గర శానాసేపు కూచోని, లేచేటప్పుడు, "నా మిషను బాగానే పలికింది పాపా" అన్యాడు. అంతే. కన్ను ఊడదీసి తీసకపోయి బడి బీరువాలో పెట్టినాడంట. అద్దాలు మాత్రం ముట్టలేదు. తర్వాత ఎప్పుడొచ్చినా వాటి పక్క చూసేవాడు కాదు. బస్సులో నీడపక్క కూచునేదానికి అలవాటు పడినాడు.

వానాకాలం ఆ అద్దాల మీద గోనెపట్ట కప్పేది, ఎండాకాలం దుమ్ము తుడిచేది నేనే. ఎందుకంటే చెప్పలేను. ఉత్తగా ఎట్ల పారేస్తాం?

కడప నుంచి తిరిగొచ్చిన దినం గట్టుమీదికి పోతి. గోనె తీసి, పెద్ద అద్దాన్ని ఎండకు తిప్పితి. అవతల కోటగోడ నీడలో ఉండాది, దాని మీద చెంబంత వెలుగు పోయి పడింది. గొట్టంలో నోరుపెట్టి, "తిన్నావా బావా?" అంటి. గోడమీద వెలుగు ఒకసారి మసకబారి, మళ్లా తేటపడింది. నేను ఆ గట్టు దిక్కే చూస్తా నిలబడితి, ఎండ తిరిగి ఆ వెలుగు గోడ దిగి గండిలోకి జారిపోయేదాకా. తుండుగుడ్డ లేయలేదు.